మిక్సర్ లాస్ 3.5 డీబీ వచ్చింది, పవర్ మీటర్‌ను నమ్మొచ్చా?

అనంత_ఆర్ఎఫ్: డయోడ్ డబుల్ బ్యాలెన్స్‌డ్ మిక్సర్, అంటే రెండు సిగ్నళ్లను కలిపి వాటి కూడిక, తేడా ఫ్రీక్వెన్సీలు ఇచ్చేది. లోపలికిచ్చే సిగ్నల్ (ఆర్ఎఫ్) 100 మెగాహెర్ట్జ్, మైనస్ 10 డీబీఎం (మిల్లీవాట్‌తో పోల్చి డీబీల్లో చెప్పే పవర్). లోకల్ ఆసిలేటర్ (ఎల్ఓ) 90 మెగాహెర్ట్జ్, ప్లస్ 7 డీబీఎం. బయటికొచ్చే ఐఎఫ్ పోర్టుకు థర్మల్ సెన్సర్ పవర్ మీటర్ నేరుగా తగిలిస్తే మైనస్ 13.5 చూపించింది. అంటే కన్వర్షన్ లాస్ 3.5 డీబీ. డేటాషీట్‌లోనేమో 6.5. నా పీసు మంచిదొచ్చిందంటే ల్యాబ్‌లో అందరూ నవ్వుతున్నారు.

కడప_సోల్డర్: కేబుల్ మార్చి చూడు.

సీమ_హ్యామ్: 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక మీటరు పొడవు ఆర్‌జీ-58 కేబుల్‌లో పోయేది 0.2 డీబీ కూడా ఉండదు. 3 డీబీ తేడా కేబుల్‌ది కాదు. పోర్టులన్నీ 50 ఓమ్‌లకు కట్టాక, డయోడ్ల బదులు పక్కా స్విచ్‌లే పెట్టినా లాస్ 3.92 డీబీ కంటే తగ్గదు. నీ పీసు దాన్నీ దాటేసిందా? ఐఎఫ్‌లో తేడా 10తో పాటు కూడిక 190 మెగాహెర్ట్జ్ కూడా దాదాపు అంతే బలంగా వస్తుంది. పవర్ మీటరు రెండూ కలిపి చూపిస్తుంది. పవర్ రెట్టింపైతే 3 డీబీ పెరుగుతుంది, అదే నీ తేడా.

కడప_సోల్డర్: కనెక్టర్ లూజున్నా తేడా వస్తుంది సామీ.

అనంత_ఆర్ఎఫ్: లోపలికిచ్చిన దాంట్లో బయటికెంత వచ్చిందన్నదే కదా లాస్?

సీమ_హ్యామ్: నీ రిసీవర్ 190ని వింటుందా? 10 దగ్గర ఎంతుందో అదొక్కటే లెక్క. ఏ ఫ్రీక్వెన్సీలో ఎంతుందో విడివిడిగా చూపే స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో చూడు.

అనంత_ఆర్ఎఫ్: ఎక్కడిది అన్నా ఎనలైజర్? మా దగ్గరున్న ఒక్కటీ బీరువాలో, తాళం ఇంకొకరి జేబులో. పోయిన సెమిస్టర్‌లో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ నా రికార్డు పక్కన పడేసి, ఎనలైజర్ లేని కొలత కొలతే కాదన్నాడు. ఇప్పుడు మీరూ అదే పాట. డబ్బున్నోడికేనా ఆర్ఎఫ్?

కర్నూలు_కుర్రోడు: మా దగ్గర ఎనలైజర్ ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రం బయటికొస్తుంది.

సీమ_హ్యామ్: ఆయన మీద కోపం నామీద చూపించొద్దు. మీటరు పనికిరాదని నేననలేదు, దేన్ని కొలిచావో చూసుకోమన్నాను. 10ని వదిలి 190ని ఆపేలా 30 మెగాహెర్ట్జ్ లో-పాస్ ఫిల్టర్ కట్టు, రెండు కాయిల్స్, మూడు కెపాసిటర్లు. ఫిల్టర్ 190ని వెనక్కి తంతుంది, అది మిక్సర్‌లోకి తిరిగొస్తే రీడింగ్ చెడుతుంది. మిక్సర్‌కీ ఫిల్టర్‌కీ మధ్యలో 6 డీబీ ప్యాడ్ (సిగ్నల్‌ను తగ్గించే అటెన్యుయేటర్) పెట్టు. జనరేటర్‌ను 10 మెగాహెర్ట్జ్‌లో పెట్టి ప్యాడ్, ఫిల్టర్ కలిపి ఎంత తింటున్నాయో ఇదే మీటరుతో కొలిచి తీసెయ్.

అనంత_ఆర్ఎఫ్: చేస్తా. రికార్డులో మాత్రం రెండు రీడింగులూ రాస్తా.

సీమ_హ్యామ్: రాసుకో. 3.5 ఎదురుగా కన్వర్షన్ లాస్ అని మాత్రం రాయొద్దు.