ఫ్లాట్ కొమ్మాదిలోనా, ఎంవీపీలోనా? పాప ఒకటో తరగతి టెన్షన్

మురళీనగర్ అద్దింటావిడ అడిగారు:

నమస్తే అండీ. విశాఖ మురళీనగర్‌లో ఏడేళ్లుగా అద్దెకుంటున్నాం. మా ఆయన పరవాడలో ఫార్మా కంపెనీలో చేస్తారు, పొద్దున్న ఆరింటికల్లా ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర కంపెనీ బస్సెక్కాలి. నా ఆఫీసు సిరిపురంలో. పాప యూకేజీ. వచ్చే జూన్‌లో ఒకటో తరగతి. ఈలోగా సొంతిల్లు కూడా చూసేసుకోవాలని ఇద్దరం పట్టుబట్టి కూర్చున్నాం.

చీటీ డబ్బులు, పీఎఫ్, మా అమ్మ ఇచ్చిన గాజులు అన్నీ కలిపితే పాతిక లక్షలు తేలాయి. బ్యాంకు ఇంకో యాభై ఇస్తానంది. అంటే 75 దాటకూడదు. ఈ లెక్కలో మూడు కనబడ్డాయి.

ఒకటి కొమ్మాదిలో. కొత్త బిల్డింగు, త్రిబుల్ బెడ్‌రూమ్, కారు పార్కింగ్, కింద పిల్లలకి జారుడుబల్ల. ఇంకా ప్లాస్టరింగ్ జరుగుతోంది, దసరాకి తాళాలిస్తామంటున్నారు. అక్కడికి కిలోమీటరున్నరలో అందరూ చెప్పుకునే స్కూలుంది. దాచడమెందుకు, ఆ స్కూలు కోసమే అటు చూశాను.

రెండోది ఎంవీపీ కాలనీలో. డబుల్ బెడ్‌రూమే. ఇరవై రెండేళ్ల బిల్డింగు, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. బాత్రూమ్ గోడ మీద వేలు పెడితే సున్నం రాలింది. చుట్టుపక్కల చిన్నాచితకా స్కూళ్లు నాలుగైదు ఉన్నాయి గానీ పేరున్నది ఒక్కటీ నడిచి వెళ్లేంత దగ్గర్లో లేదు. ధర మాత్రం కొమ్మాది దానికి ఇంచుమించు సమానం!

మూడోది వేపగుంటలో, పన్నెండు లక్షలు తక్కువ. ఎందుకు తక్కువో అడిగితే బ్రోకరు నవ్వుతున్నాడు.

మా మావయ్యగారేమో "పెళ్లి కోసం పందిరి వేస్తారు గానీ, పందిరి ఉంది కదా అని పెళ్లి చేస్తారా? బడి కోసం ఇల్లు కొనడమేటమ్మా" అంటారు. మా ఆడపడుచు "మంచి స్కూలున్న ఏరియాలో కొంటే రేపు అమ్ముకున్నా రేటు పడిపోదు వదినా" అంటుంది. ఇద్దరూ కరెక్టేననిపిస్తోంది. అదే నా బాధ. స్కూలు చూసి ఇల్లు కొన్నవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, ఐదేళ్ల తర్వాత ఏమనిపించింది?

యెండాడ కొండగాలి రాశారు:

కొన్నాను. 2017లో. మీ ప్రశ్న చదువుతుంటే అప్పుడు నేనే రాసినట్టుంది.

మా బాల్కనీలోంచి చూస్తే స్కూలు గ్రౌండు కనబడేది. పొద్దున్న ప్రేయర్ వినబడేది. అదే బిల్డింగులో వెనక వైపు ఫ్లాట్ మూడు లక్షలు తక్కువకి వస్తున్నా, ఆ గ్రౌండు కనబడే వైపే కావాలని పట్టుబట్టి తీసుకున్నాం. మావాణ్ణి ఒకటో తరగతిలో వేశాం. రెండేళ్లు రాజభోగం. 8:20కి ఇంట్లోంచి బయల్దేరితే 8:30 గంట కొట్టేసరికి లోపల ఉండేవాడు. మధ్యాహ్నం నేనే వేడి అన్నం పట్టుకెళ్లేదాన్ని.

2019 ఏప్రిల్‌లో వాడి డైరీలో మడతపెట్టిన కాగితం ఒకటి వచ్చింది. జూన్ నుంచి ఐదో తరగతి దాకా క్లాసులన్నీ ఆనందపురం అవతల కట్టిన కొత్త బిల్డింగులో జరుగుతాయని. ఇక్కడున్న భవనం లీజుదట, గడువు తీరిందట. మాతో ఎవరూ అబద్ధం చెప్పలేదు, నిజానికి మేమే అడగలేదు. స్కూలు అంటే కొండలాగా అక్కడే ఉంటుందనుకున్నాం.

ఇక వ్యాను. ఉదయం 7:05కి మా సందు చివర. పదమూడు మంది పిల్లలు, బ్యాగులు పైన కట్టేవాడు డ్రైవరు. మావాడికి బస్సు ప్రయాణం పడదు, హైవే ఎక్కగానే వాంతి. వాళ్ల నాయనమ్మ నిమ్మకాయ వాసన చూస్తూ ఉండమంది. రోజూ లాగు జేబులో ఒక నిమ్మకాయ పెట్టుకుని వెళ్లేవాడు. సాయంత్రం యూనిఫాం నానబెట్టబోతే జేబులోంచి ముడుచుకుపోయిన నిమ్మకాయ తీసేదాన్ని. ఇప్పటికీ ఫ్రిజ్‌లో నిమ్మకాయలు చూస్తే ఆ వ్యానే గుర్తొస్తుంది నాకు.

మార్చేద్దామంటే చుట్టుపక్కల వేరే స్కూళ్లలో మూడో తరగతికి సీట్లు లేవు, ఉన్నచోట మళ్లీ అడ్మిషన్ ఫీజు కట్టాలి. ఆ ఏడాది అలాగే లాగించాం.

అందుకే చెప్తున్నా, కొమ్మాది స్కూలుకి వెళ్లినప్పుడు ఫీజు, సిలబస్ తర్వాత అడగండి. ముందు భవనం సొంతమా లీజా, లీజైతే ఎప్పటిదాకా అని అడగండి. ముఖం చిట్లిస్తే చిట్లించనివ్వండి. ఐదో తరగతి దాకా ఇదే క్యాంపస్సా అని కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వరనుకోండి, కానీ ఆ తడబాటు చూస్తే మీకే విషయం అర్థమవుతుంది.

రెండోది, ఆ కిలోమీటరున్నర హైవేకి ఇటా అటా? మ్యాప్‌లో గీత చూసి మోసపోవద్దు. మన మధురవాడ వైపంతా ఈ హైవే ఒక నదిలాంటిది. అవతలి ఒడ్డు కళ్ల ముందే ఉంటుంది, చేరాలంటే యూటర్న్ దాకా వెళ్లి తిరిగి రావాలి. డివైడర్ సందులోంచి స్కూటీ నడిపించుకుంటూ వెళ్లే తండ్రుల్ని నేను రోజూ చూశాను, వెనక బుడ్డది రెండు చేతులా షర్టు పట్టుకుని ఉంటుంది. పీఎం పాలెం స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు సాయంత్రం ఆ రోడ్డు సంగతి వేరే చెప్పక్కర్లేదు. సోమవారం ఉదయం ఎనిమిదింటికి వెళ్లి ఆ గేటు ముందు అరగంట నిలబడండి. ఆదివారం బ్రోకరుతో కార్లో వెళ్తే అన్ని రోడ్లూ బాగానే ఉంటాయి.

ఇంకొకటి, ఇది ఎవరూ అడగరు. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. పన్నెండున్నరకి పిల్ల ఇంటికొచ్చేస్తుంది, నెత్తి మాడిపోయే ఎండలో. మీరు సిరిపురంలో, ఆయన పరవాడలో. కొమ్మాదిలో తలుపు తీసేదెవరు?

గీత అవతల రాశారు:

నేను టెక్సాస్‌లో ఫ్రిస్కోలో తొమ్మిదేళ్లుండి వచ్చాను. అక్కడ ఇల్లు కొనేవాళ్లు ముందు చూసేది స్కూలే. కారణం ఏంటంటే అక్కడ మీ ఇంటి అడ్రసే మీ పాప ఏ ఎలిమెంటరీ స్కూలుకి వెళ్లాలో తేల్చేస్తుంది. ఇల్లు అమ్మే ప్రకటనలోనే ఆ స్కూలు పేరు ఉంటుంది, వెబ్‌సైట్లలో పదికి ఎన్ని మార్కులో కూడా ఉంటుంది. ఇంటి పన్నులో పెద్ద ముక్క ఆ ఏరియా సర్కారు బడుల్ని నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌కే పోతుంది, పిల్లలున్నా లేకపోయినా కట్టాల్సిందే. దాంతో ఒకే వీధిలో స్కూలు హద్దు గీతకి ఇటున్న ఇంటికో ధర, అటున్న ఇంటికో ధర.

తమాషా ఏంటంటే ఆ గీత కూడా శాశ్వతం కాదు. కొత్త స్కూలు కట్టగానే హద్దులు మార్చేస్తారు. మా పక్కింటి తమిళాయన గీత చూసుకుని మరీ కొన్నాడు, రెండేళ్లకి గీతే జరిగింది.

మన దగ్గర ఆ గీతే లేదు. మీరు ఎంవీపీలో ఉండి కూడా ఫీజు కడితే కొమ్మాది స్కూల్లో సీటిస్తారు, వ్యాను పంపిస్తారు. గేటు పక్కనే ఇల్లున్నా సీట్లు నిండితే ఇవ్వరు. అలాంటప్పుడు స్కూలు కోసం ఇల్లు కొంటే మీరు కొన్నది ప్రయాణం తగ్గడమొక్కటే, సీటు కాదు. మన దగ్గర ఇంటి దూరం లెక్కలోకొచ్చేది విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూళ్లలో పేద పిల్లలకిచ్చే 25 శాతం సీట్లకి. అది మీకు వర్తించదు.

ఈసీ నాయుడు రాశారు:

వేపగుంట గురించి. బ్రోకరు నవ్వు వెనకున్నది పంచగ్రామాల సమస్య అయ్యుండొచ్చు. వేపగుంట, అడవివరం, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం, ఈ ఐదూళ్లలో సింహాచలం దేవస్థానం భూముల గొడవ ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. అక్కడి ప్రతి అపార్ట్‌మెంటూ అందులో ఉందని అనను. సర్వే నంబరు తీసుకుని రిజిస్ట్రేషన్ చేయని భూముల నిషేధిత జాబితాలో, అదే 22ఏలో, ఉందో లేదో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూసుకోండి. ఆ తర్వాతే పాప స్కూలు సంగతి.

75 అన్నారు కదా, అందులో రిజిస్ట్రేషన్ కలిపారా? స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, వెరసి ఏడున్నర శాతం. కొమ్మాదిది పూర్తికాలేదు కాబట్టి ఇంకో 5 శాతం జీఎస్టీ. బిల్డింగు పూర్తయింది, ఉండొచ్చు అని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటేనో, ఎంవీపీలాంటి సెకండ్‌హ్యాండ్ ఫ్లాటైతేనో జీఎస్టీ లేదు. చేతిలో 75 ఉంటే కొమ్మాదిలో 66 దగ్గర, ఎంవీపీలో 69 దగ్గర ఆగాలి మీరు. యాభై లక్షల లోన్ ఇరవై ఏళ్లకి, ఎనిమిదిన్నర వడ్డీకి, నెలకి 43 వేలు దాటుతుంది. దాని మీద స్కూలు ఫీజు, వ్యాను ఫీజు.

దసరాకి తాళాలంటే సంక్రాంతి అనుకోండి. బడులు తెరిచేది జూన్‌లో. తాళాలొచ్చేదాకా మురళీనగర్ నుంచి కొమ్మాదికి పాపని ఎలా పంపుతారు? బిల్డర్ల మీద నిఘా ఉంచే ఏపీ రెరా సైట్‌లో బిల్డరు ఏ తేదీ రాసిచ్చాడో ఉంటుంది, బ్రోషర్ పక్కన పడేసి అది చూడండి.

రిటైర్డ్ ఒకటో తరగతి మాస్టారు రాశారు:

అమ్మా, ముప్పై ఒక్క ఏళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేశాను, సగం కాలం భీమిలి వైపు. మీ అందరి మాటల్లో "పేరున్న స్కూలు" అనే వచ్చింది గానీ, పాపకి ఒకటో తరగతి చెప్పే టీచరెవరు అన్నది రాలేదు.

చట్టం ప్రకారం ప్రాథమిక తరగతుల్లో ముప్పై మందికి ఒక టీచరుండాలి. ప్రైవేటైనా సర్కారుదైనా ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. అది పట్టుకుని నో యువర్ స్కూల్ వెబ్‌సైట్‌లో చూస్తే ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు అన్నది కనబడుతుంది. ఎంవీపీలో మీరు చిన్నాచితకా అని తీసిపారేసిన నాలుగైదూ అందులో చూడండి.

సర్కారు బడులూ కదులుతాయమ్మా, యెండాడ వారి స్కూలొక్కటే కాదు. 2022లో జీవో 117 వచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని చాలాచోట్ల హైస్కూళ్లలో కలిపేశారు. 2025లో దాన్ని పక్కనపెట్టి, పిల్లలు తగినంతమంది ఉన్నచోట తరగతికో టీచరు చొప్పున మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెట్టారు. అలాంటిది దగ్గర్లో ఉంటే ఒకసారి లోపలికెళ్లి చూడడానికి నామోషీ పడకండి.

చూడడమంటే ఆఫీసు గది కాదు. రెండో తరగతి పిల్లణ్ణి ఒకణ్ణి దగ్గరకి పిలిచి, నోట్సు తెరవమనండి. టీచరు ఎర్ర ఇంకుతో తప్పు దిద్దిందా, ఊరికే టిక్కు కొట్టి వదిలేసిందా? నేను ఏ బడికెళ్లినా అదే చూసేవాణ్ణి. తప్పు పక్కన సరైన అక్షరం రాసున్న పుస్తకం కనబడితే ఆ బడిలో వేసేయండి, రేకుల షెడ్డైనా సరే.

ఇల్లు కొనడానికి తొందరేముంది? ముందు ఒక ఏడాది ఆ వీధిలో అద్దెకుండి చూడండి.

మురళీనగర్ అద్దింటావిడ మళ్లీ రాశారు:

అందరికీ దండాలు. వేపగుంట సర్వే నంబరు అడిగితే బ్రోకరు ఫోనెత్తడం మానేశాడు. అదొకటి తేలిపోయింది.

సోమవారం సెలవు పెట్టి కొమ్మాది వెళ్లాను. స్కూలు హైవేకి అవతల. భవనం లీజా అని అడిగితే రిసెప్షన్‌లో అమ్మాయి లోపలికెళ్లి పది నిమిషాలకి వచ్చి, "మేనేజ్‌మెంట్ విషయాలు మాకు తెలీదు మేడమ్" అంది. పాపం, ఆ పిల్ల తప్పేముంది.

మంగళవారం ఎంవీపీ. మాస్టారూ, మీరు చెప్పినట్టు ఒక చిన్న స్కూల్లో రెండో తరగతి నోట్సు చూపించమన్నాను. ముందు అనుమానంగా చూశారు, తర్వాత ఒకమ్మాయి తనే తెచ్చి చూపించింది. "ళ" తిరగేసి రాస్తే పక్కనే నాలుగుసార్లు సరిగ్గా రాయించారు. తరగతిలో ఇరవై ఏడు మంది, నేనే లెక్కపెట్టాను.

తలుపు తీసేదెవరు అన్న మాట రెండు రోజులు నన్ను వదల్లేదు. ముందు రాయలేదు గానీ మా అమ్మ పెదవాల్తేరులో ఉంటుంది, ఎంవీపీకి ఆటోలో పది నిమిషాలు. అడిగితే "ఒంటిపూట బడికి నేనొస్తాలేవే" అంది. కానీ అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఆ ఫ్లాటేమో మూడో అంతస్తు. మెట్లు లెక్కపెట్టాను, యాభై నాలుగు. కొంటే రోజూ అమ్మ చేత అవి ఎక్కించాలి.

ఆ స్కూలుకి రెండు వీధుల అవతల కింద పోర్షన్ టులెట్ బోర్డు చూశాను. వాకిట్లో నందివర్ధనం చెట్టు, పక్కన పంపు. అద్దె ఇప్పటికంటే ఆరు వేలెక్కువ. మా ఆయనకి ఎన్‌ఏడీ దూరమవుతుంది, ఇంకో అరగంట ముందు లేవాలి. రాత్రి చెప్పాను. "అలారం ఐదుకి పెట్టు" అన్నారు, అంతే. శుక్రవారం అడ్వాన్స్ ఇస్తున్నాం. ఆ మూడో అంతస్తు ఫ్లాట్ ఓనరుకి ఫోన్ చేసి ఇప్పుడు కాదని చెప్పాలి, ఆ పనొక్కటే మిగిలింది.