కువైట్ నుంచి వైజాగ్ వస్తున్నాను, రాత్రి పదిన్నరకు ఇంటికి ఎలా చేరాలి?

కువైట్, 24 ఏళ్లు:

అందరికీ నమస్కారం. నేను పుట్టి పెరిగింది కువైట్‌లో. అమ్మానాన్నలది అమలాపురం దగ్గర పల్లె. వచ్చే నెల రుషికొండ ఐటీ హిల్ మీద ఉద్యోగంలో చేరుతున్నాను. వైజాగ్‌లో చుట్టాలెవరూ లేరు. రూము ఎంవీపీ కాలనీలో చూసుకున్నాను. షిఫ్టు రాత్రి పదిన్నరకు అయిపోతుంది. ఆ టైములో ఆటోలో రావచ్చా? అమ్మ చాలా టెన్షన్ పడుతోంది.

గాజువాక, బహ్రెయిన్‌లో 19 ఏళ్లు చేశాను:

అమ్మా, మన ఊరు నెమ్మదైన ఊరే. అయినా తొమ్మిదిలోపు ఇల్లు చేరేలా చూసుకో. ఆడవాళ్ల రక్షణకు పోలీసులు పెట్టిన దిశ యాప్ వేసుకో. ఏదైనా జరిగితే, జరిగిన చోటు ఏ స్టేషన్ కిందికి వస్తుందో అక్కడికే వెళ్లాలి, వేరే స్టేషన్‌లో కంప్లయింట్ తీసుకోరు. ఇంకో మాట, ఆర్కే బీచ్‌లో నీళ్లలోకి మాత్రం దిగకు. అల వెనక్కి లాగితే ఈత వచ్చినవాళ్లు కూడా నిలదొక్కుకోలేరు. సెలవు రోజున సరదాగా వచ్చి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లలు ఎందరో.

ఎంవీపీ కాలనీ, మస్కట్ నుంచి 2018లో వచ్చాను:

బాబాయ్ గారూ, ఆ అమ్మాయి షిఫ్టే పదిన్నరకు అయితే తొమ్మిదికి ఇంట్లో ఎలా ఉంటుంది? నేను వచ్చిన కొత్తలోనూ అందరూ ఇదే చెప్పారు. ఉద్యోగం మానేయమన్నట్టే కదండీ.

చెల్లీ, దారి సంగతి చెప్తాను. హైవే మీద వస్తే ఎండాడ దాటాక హనుమంతవాక వైపు చాలా దూరం ఒక పక్క జూ, ఇంకో పక్క కంబాలకొండ అడవి. పిలిస్తే పలికే ఇల్లుండదు. బీచ్ రోడ్డులో సాగర్ నగర్ దగ్గర ఇళ్లున్నా, తర్వాత కొంత దూరం సముద్రమే. పగలు రెండూ బాగుంటాయి. రాత్రి మాత్రం షేర్ ఆటోలో చివరికి నువ్వొక్కదానివే మిగిలేలా ఉంటే ఎక్కకు. ముందు కంపెనీని క్యాబ్ అడుగు. మొహమాటపడకు. రాత్రి షిఫ్టుకు ఆడవాళ్లను పెట్టుకుంటే రాతపూర్వకంగా వాళ్ల ఒప్పుదల తీసుకోవాలి, ఇంటిదాకా బండి ఏర్పాటు చేయాలి. క్యాబ్ ఎక్కగానే వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ అమ్మకు పెట్టు, ఎనిమిది గంటలదాకా పెట్టుకోవచ్చు. ఎమర్జెన్సీకి 112 నీకు కువైట్‌లో అలవాటైన నంబరే, ఇక్కడా అదే. నీ ఫోన్ అక్కడ కొన్నదైతే ఎమర్జెన్సీ కాల్‌కు పవర్ బటన్ ఎన్నిసార్లు నొక్కాలో ఇప్పుడే సెట్టింగ్స్‌లో చూసి పెట్టుకో.

కానీ నువ్వు అడగనిది ఒకటి చెప్పాలి. నాకు కష్టం వచ్చింది రోడ్డు మీద కాదు, రూములో.

2019లో ఒక లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. నాదీ రాత్రి షిఫ్టే, పగలు పడుకునేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం మెలకువ వచ్చేసరికి ఓనర్ బావమరిది గదిలో నిలబడి ఉన్నాడు. గీజర్ చూడ్డానికి వచ్చానన్నాడు. డూప్లికేట్ తాళం అతని జేబులోనే ఉంది. తలుపుకు లోపల గొళ్ళెం ఊడిపోయిందని అంతకుముందు మూడుసార్లు చెప్పాను, ఎవరూ బిగించలేదు. ఓనరమ్మను అడిగితే "పగలంతా పడుకునే ఆడపిల్లకు మేమేం కాపలా కాయాలి" అంది. ఖాళీ చేస్తానంటే ఇరవై వేల అడ్వాన్సు ఇవ్వనంది. ఆ రాత్రే మస్కట్‌లో ఉన్న మా అమ్మకు ఫోన్ చేసి మీ అమ్మాయి తిరుగుళ్లు తిరుగుతోందని చెప్పింది. చేరిన రోజు అప్లికేషన్‌లో అమ్మ నంబరు రాయించుకున్నారు మరి. నా అదృష్టం, జరిగినదంతా సాయంత్రమే అమ్మకు చెప్పేశాను. అమ్మ ఆవిడతో "నా కూతురు నాకు చెప్పింది, మీరు తాళం సంగతి చెప్పండి" అని అడిగిందట. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

స్టేషన్‌కు వెళ్తే, డబ్బు గొడవ కదా, మీలో మీరు రాజీ చేసుకోండి అన్నారు. డబ్బు సంగతి తర్వాత, మగమనిషి నా గదిలోకి ఎలా వచ్చాడని అడుగుతున్నానని కాగితం మీద రాసిచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టేదాకా బల్ల దగ్గర నుంచి కదల్లేదు. తర్వాత మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేశాను. వారం తిరిగేసరికి పన్నెండు వేలు చేతికొచ్చాయి. మిగతా ఎనిమిది వేలు ఇంతవరకు రాలేదు.

సీతమ్మధార, వకీలును:

గాజువాక సార్, ఆ స్టేషన్ మాట తప్పండి. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే చట్టం అమల్లో ఉంది. దాని 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వచ్చు. ఆన్‌లైన్లో పంపితే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. యాప్ కూడా మారింది, దిశ బదులు 2025 మార్చి 8న శక్తి యాప్ తెచ్చారు. ఇంకొకటమ్మా, పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ ఉండాలి. 2013 చట్టం ప్రకారం కంపెనీ ఏర్పాటు చేసిన క్యాబ్ కూడా పనిచేసే చోటే అవుతుంది. డ్రైవర్ తప్పుగా ప్రవర్తించినా ఆ కమిటీకి మూడు నెలల్లోపు రాసివ్వచ్చు.

గాజువాక:

సెక్షన్లు మీకు తెలుసు, ఒప్పుకుంటాను. స్టేషన్ గుమ్మంలో నిలబడ్డ ఆడపిల్లకు ఆ సెక్షన్ గుర్తొస్తుందా అన్నదే నా బాధ. నాకూ ఇద్దరు కూతుళ్లున్నారు. పెప్పర్ స్ప్రే కొనిద్దామంటే లైసెన్సు కావాలట.

సీతమ్మధార:

లైసెన్సు అక్కర్లేదండి, ఎవరైనా కొనుక్కోవచ్చు. సెక్షన్ నంబరు ఫోన్‌లో రాసి పెట్టుకుంటే చాలు, బట్టీ పట్టనక్కర్లేదు.

ఎంవీపీ కాలనీ:

బీచ్ రోడ్డులో స్ప్రే కొట్టేముందు గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి. ఎదురుగాలిలో కొడితే మన కళ్లలోనే పడుతుంది. నా మటుకు నేను విజిల్ పెట్టుకుంటాను. ఇంకోటి, ఆడవాళ్లకు సిటీ బస్సులో ప్రయాణం ఉచితం, 2025 ఆగస్టు 15 నుంచి. దానికి ఆంధ్రా చిరునామా ఉన్న ఆధార్ లాంటి కార్డు చూపించాలి. నీ దగ్గర లేకపోతే రాగానే ఆ పని చూసుకో.

కువైట్:

అందరికీ చాలా థాంక్స్. కంపెనీకి మెయిల్ పెట్టాను, క్యాబ్ ఇస్తామన్నారు. అక్కా, మీరు చెప్పాక రూము ఓనర్‌కు ఫోన్ చేసి గొళ్ళెం గురించి అడిగాను. ఉన్నది వదులుగా ఉంది, కావాలంటే మీరే మార్చుకోండి అన్నారు. డూప్లికేట్ తాళం మాత్రం వాళ్ల దగ్గర ఉంటుందట. ఏం చేయాలి?

ఎంవీపీ కాలనీ:

తాళం ఉంచుకోనీ. నువ్వు లోపలున్నప్పుడు ఆ తాళంతో తలుపు తెరుచుకోకూడదు, అంతే. పూర్ణా మార్కెట్‌లో మంచి ఇనుప గొళ్ళెం దొరుకుతుంది, నేను కొని ఉంచుతాను. బయటికి వెళ్లేటప్పుడు వేయడానికి నీ సొంత తాళం కప్ప తెచ్చుకో. మార్చుకోండి అని ఓనర్ అన్న మాట వాట్సాప్‌లో రాయించుకో, తర్వాత తలుపు పాడుచేశావని అడ్వాన్సులో కోయకుండా. నువ్వు దిగేది ఏ రోజు? మా ఇంట్లో డ్రిల్లింగ్ మెషీన్ ఉంది. ఆ సాయంత్రమే నేనూ మా ఆయనా వచ్చి బిగించి వెళ్తాం.