మే నెలలో పిల్లలతో సాగర్ బ్యాక్‌వాటర్‌కు వెళ్తున్నాం: పడవ, గాలం విషయంలో ఏం చూసుకోవాలి?

ప్రశ్న: నల్లగొండ_రవ్వచేప

అందరికీ నమస్తే. మాది నల్లగొండ, ఉద్యోగం హైదరాబాద్‌లో. మే రెండో వారంలో అన్నదమ్ముల కుటుంబాలం కలిసి దేవరకొండ మీదుగా నేరెడుగొమ్ము మండలంలో ఉన్న వైజాగ్ కాలనీకి పోదామనుకుంటున్నాం. మొత్తం పదకొండు మందిమి. అందులో ఐదుగురు పిల్లలు, చిన్నోడికి నాలుగేళ్ళు. అక్కడ చేపల పులుసు తినాలి, పడవ మాట్లాడుకొని రెండు మూడు గంటలు తిరగాలి, ఎక్కడైనా ఒడ్డుకు ఆపి గాలాలు వేయాలి. ఇదీ ప్లాన్.

ఈత వచ్చింది నాకు, మా మామగారికి మాత్రమే. "ఎండాకాలం నీళ్ళు సగానికి దిగి ఉంటాయి, భయమెందుకు" అని ఆయన అంటున్నారు. మా ఆవిడ మాత్రం 2019లో కచ్చులూరు పడవ ప్రమాదం టీవీలో చూసినప్పటి నుంచి పడవ అంటేనే టెన్షన్ పడుతుంది. ఆన్‌లైన్‌లో లైఫ్ జాకెట్లు చూశాను. ఒక్కొక్కటి ఒక్కో ధర, ఫోటోలో అన్నీ ఒకేలా ఉన్నాయి. పదకొండు మందికి ఒక పడవ సరిపోతుందా? గాలం వేయడానికి ఎవరినైనా అడగాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు: లైన్‌మన్_తాత

తమ్మీ, నేను కరెంటు డిపార్టుమెంటులో ముప్పై ఒక్క ఏళ్ళు స్తంభాలెక్కి రిటైరయ్యాను. మాది దేవరకొండ దగ్గర. సెలవు దొరికితే సాగర్ నీళ్ళ మీదే ఉండేవాణ్ణి, ఇప్పుడు రోజూ సెలవే. మీ మామగారు అన్న మాట నేనూ ఒకప్పుడు అన్నదే కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

సాగర్ నిండు మట్టం 590 అడుగులు. నిండుగా ఉన్నప్పుడు కింద ఏమున్నా పడవకు తగలదు. మే వచ్చేసరికి నీళ్ళు దిగిపోతాయి, కిందున్నవన్నీ పైకి వస్తాయి. ఆ డ్యాం కింద మునిగింది ఉత్త నేల కాదు. పొలాలు, చింతచెట్లు, ఊళ్ళు మునిగాయి. ఏలేశ్వరం అట్లా పోయిన ఊరే. మొద్దులు, బండలు, పాత గోడలు బయటికి కనపడేంత పైకి వస్తే బాధ లేదు, చూసి తప్పుకుంటాం. జానెడు లోతులో దాక్కుని ఉన్నవాటితోనే తంటా.

పన్నెండేళ్ళ కింద ఏప్రిల్‌లో నేనూ ఒక దోస్తూ ఇంజను పడవలో పోతున్నాం. పొద్దు వాలింది, ఎండ కళ్ళల్లో కొడుతోంది. ముందు కూర్చున్నది నేను, నీళ్ళు చూసి చెప్పాల్సిన పని నాది. నేనేమో తల వంచుకొని గాలం ముల్లుకు ఎర్ర గుచ్చుతున్నాను. ఠప్పుమని తగిలింది. ఇంజను రెక్క విరిగింది, అడుగు పగిలి నీళ్ళు ఊరడం మొదలైంది. తువ్వాలు కుక్కి, టిఫిన్ డబ్బాతో నీళ్ళు ఎత్తిపోసుకుంటూ తెడ్డేసుకొని ఒక దిబ్బకు చేరాం. ఫోనుకు సిగ్నల్ లేదు. ఎటు పోతున్నామో ఇంట్లో చెప్పలేదు. తెల్లారి వలలు తీయడానికి వచ్చినవాళ్ళు చూసేదాకా దోమలతో కాపురం. ఆ రాత్రి నుంచి, బయలుదేరే ముందు "ఫలానా దిక్కుకు పోతున్నాం, ఫలానా టైముకు రాకపోతే మనుషులను పంపు" అని ఒడ్డున ఒకరికి చెప్పకుండా నేను పడవెక్కలేదు. మీరు భోజనం చెప్పుకున్న ఇంట్లో చెప్పండి, చాలు.

పడవ నడిపేది రోజూ అక్కడే వలలేసే మనిషై ఉండాలి. డ్యాం కట్టే కాలంలో విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ జాలరి కుటుంబాల వల్లే ఆ కాలనీకి ఆ పేరు. ఏ మొద్దు ఎక్కడుందో వాళ్ళకు ఇంటి గడపంత గుర్తు. "అటు వద్దు సార్" అంటే ఇంకో వంద ఇచ్చి అటే తీసుకుపొమ్మనకండి. మనవాళ్ళకు ఆ జబ్బుంది.

పదకొండు మందికి ఒక్క పడవ చాలదు, రెండు మాట్లాడండి. అందరూ కూర్చున్నాక చూడండి. పడవ అంచు నీటికి మూరెడు పైన లేకపోతే ఒకరిద్దరిని దించండి. ఒక పడవకు ఏమన్నా అయితే రెండోది పక్కనే ఉంటుంది, అది ఇంకో లాభం. ఫోటో కోసం అందరూ ఒకే వైపుకు లేచారా, అయిపోయినట్టే. ఒకవేళ తిరగబడితే ఒడ్డు దగ్గరే ఉందని ఈదబోకండి. తిరగబడ్డ పడవ చాలావరకు తేలుతూనే ఉంటుంది. దాన్ని పట్టుకొని ఉంటే దూరం నుంచి వెతికేవాళ్ళకూ కనపడతారు.

గాలి సంగతి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర పొద్దంతా మాడ్చి, మూడు నాలుగు గంటలకు ఒక్కసారిగా ఈదురుగాలి లేస్తుంది. ఒక దిక్కు నల్లబడి, ఒడ్డున దుమ్ము లేచి, ఒంటికి చల్లగాలి తగిలిందంటే బాగుందని మురిసిపోకండి. కారు పెట్టిన ఒడ్డు కాదు, ఏ ఒడ్డు దగ్గరైతే ఆ ఒడ్డుకు పొమ్మనండి. అందుకే పొద్దున ఆరున్నరకు నీళ్ళలో ఉండి, పదింటికల్లా పులుసు ముందు కూర్చోవాలి. ఫోనులో 'దామిని' యాప్ పెట్టుకోండి, చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే చూపిస్తుంది. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా నీళ్ళ జోలికి పోవద్దు.

ఇక నా పాత ఉద్యోగం మాట ఒకటి. ఇప్పుడు అమ్మే గాలం కర్రలు చాలావరకు కార్బన్ ఫైబర్‌వి. దాంట్లో కరెంటు పారుతుంది. చెరువు కట్టల మీద, కాలువల మీద 11 కేవీ లైన్లు పోతుంటాయి. కర్ర వెనక్కి ఎత్తి విసిరేటప్పుడు పైకి చూసేవాడు ఎవడూ ఉండడు. ముందు తలెత్తి తీగలు చూసి, తర్వాత గాలం విప్పండి. ఉరుముతుంటే కర్ర కింద పడేయండి. తీగకు కొక్కెం వేసి నీళ్ళలోకి కరెంటు వదిలి చేపలు పట్టేవాళ్ళూ ఉన్నారు. అట్లాంటి చోట సప్లై ఆపించి మనిషిని బయటికి తీసిన పని నేను రెండుసార్లు చేశాను. అది నేరం, చావు కూడా. ఎవరైనా చేస్తుంటే పిల్లలను చూడ్డానికి కూడా పోనీయకండి.

ప్రాజెక్టులో వేటకు మత్స్యశాఖ లైసెన్సు ఉంటుంది, ఊరి చెరువైతే మత్స్య సహకార సంఘానిది. సరదాకు గాలం వేసినా అక్కడివాళ్ళను ఒక మాట అడిగి వేయండి. పైసలు కూడా అడగరు, ఏ చోట పడతాయో వాళ్ళే చెబుతారు. అవతలి ఒడ్డు నల్లమల, టైగర్ రిజర్వు. అటు దిగొద్దు.

జవాబు: పాలమూరు_పుట్టి

అన్నా, తాత చెప్పినదానికి రెండు ముక్కలు కలుపుతాను. మాది మక్తల్ దిక్కు. పంచదేవ్‌పహాడ్ నుంచి కురువపురం దత్తాత్రేయ స్వామి దగ్గరికి చిన్నప్పటి నుంచి పుట్టిలో పోతున్నాం. వెదురు అల్లి, పైన పట్టా కట్టి తారు పూసిన గంప అది. మధ్యలో కిందికి కూర్చుంటే అంత బుద్ధిమంతురాలు ఇంకోటి లేదు, అంచు మీద చెయ్యేసి లేచారంటే బోర్లా పడుతుంది. పిల్లలు పుట్టి ఎక్కుతామని మారాం చేస్తే ఒడ్డు పక్కన మోకాలి లోతులో ఎక్కించి ఒక చుట్టు తిప్పండి, అంతే. జూరాల దిక్కు అయితే మొసళ్ళు కూడా ఉంటాయి, చేతులు నీళ్ళలో ఆడించవద్దు.

సోమశిల వైపు ఎండాకాలం పోయేవాళ్ళకు నేను చెప్పేది బురద గురించి. శ్రీశైలం నీళ్ళు దిగితే అవతల సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, జనం పడవల్లో పోతారు. నీళ్ళు వదిలేసిన ఒండ్రు పైన ఎండి నెర్రెలు బారి గట్టినేల లాగే ఉంటుంది, అడుగేస్తే తొడ దాకా దిగుతుంది. పోయినేడు మా బావమరిది దిగబడితే పడవ పలక ఒకటి పరిచి, దాని మీద బోర్లా పడుకోబెట్టి లాగాం. చెప్పు ఇప్పటికీ అక్కడే ఉంది. మీరు గాలం వేయడానికి ఒడ్డు దిగినప్పుడు ముందు కర్రతో పొడిచి చూసి, పెద్దవాళ్ళు నడిచాకే పిల్లలను దించండి.

మా దిక్కు 2007లో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల మంది పోయారు. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ పడవెక్కే ముందు తలలు లెక్కపెడతారు.

జవాబు: కట్టమీది_పులి

ఇంత భయపెడితే ఎవడన్నా పోతాడా? పానగల్ ఉదయసముద్రంలో ఈత నేర్చుకున్నోళ్ళం. ఈత వచ్చినోడికి జాకెట్ ఎందుకు?

జవాబు: సిస్టరమ్మ

తమ్ముడూ, నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. ఎండాకాలం మా దగ్గరికి తెచ్చినవాళ్ళలో ఈత వచ్చినవాళ్ళూ ఉంటారు. పడేటప్పుడు తలకు దెబ్బ తగిలినా, మునిగేవాడు మెడ పట్టుకున్నా, ప్యాంటు, బూట్లు తడిసి బరువెక్కినా ఈత అక్కరకు రాదు. మందు తాగి దిగినవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు.

ప్రశ్న అడిగిన తమ్ముడికి చెబుతున్నాను. ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకకండి. గట్టి తాడు ఒకటి, ఐదు లీటర్ల ఖాళీ నూనె డబ్బా ఒకటి పడవలో ఉంచండి. డబ్బాలో గ్లాసెడు నీళ్ళు పోసి మూత బిగించి తాడుకు కడితే, విసిరినప్పుడు దూరం పోతుంది, తేలుతుంది.

బయటికి తీశాక మన ఊళ్ళలో చేసేది బోర్లా వేసి పొట్ట నొక్కడం, కాళ్ళు పట్టి గిర్రున తిప్పడం. దయచేసి చేయవద్దు, పొట్టలో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిలిస్తే పలకక, ఊపిరి ఆడకపోతే 108కి ఒకరు ఫోన్ చేయాలి, ఇంకొకరు వెల్లకిలా పడుకోబెట్టి తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ముందు ఐదుసార్లు ఊపిరి ఊదాలి. తర్వాత ఛాతీ మధ్య 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కి, 2 సార్లు ఊదాలి. సాయం వచ్చేదాకా అదే పని. లేచి కూర్చొని "బాగానే ఉన్నాను" అన్నా ఆసుపత్రికి తీసుకురండి. దగ్గు, ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా పెరగవచ్చు.

గాలంతో వచ్చే కేసులు ఎక్కువే. జెల్ల చేప పడితే చేత్తో పట్టకండి, దాని ముల్లు గుచ్చుకుంటే ప్రాణం లాగేస్తుంది. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో చెయ్యి ముంచితే నొప్పి తగ్గుతుంది. చర్మం కాలేంత వేడి మాత్రం వద్దు. గాలం ముల్లు లోతుగా దిగితే పీకవద్దు, దారం కోసి అలాగే రండి. కంటి దగ్గరైతే అసలు ముట్టుకోవద్దు.

నీళ్ళ మీద ఎండ పైనుంచీ కిందినుంచీ కొడుతుంది. మనిషికి రెండు లీటర్ల తాగునీళ్ళు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి. పిల్లాడు ఆడటం మానేసి మూలకు కూర్చున్నాడంటే అలిగాడనుకోకండి, ముందు ఒళ్ళు పట్టి చూడండి.

జవాబు: లైన్‌మన్_తాత

పులి తమ్ముడూ, భయం కాదు, లెక్క. స్తంభం ఎక్కడం వచ్చినోడికి నడుము తాడు ఎందుకని మా దగ్గర ఎవడూ అడగలేదు.

జాకెట్ల సంగతి మరిచిపోయాను. థర్మోకోల్ ముక్కలు కుట్టినవి కొనకండి, నొక్కితే కరకరలాడతాయి, విరుగుతాయి. మెత్తగా, ముద్దగా ఉండే ఫోమ్ కావాలి. లోపల ఎంత బరువుకో రాసి ఉంటుంది, పిల్లలవి పిల్లల బరువును బట్టి కొనండి. తొడిగి బెల్టులన్నీ పెట్టి, భుజాల దగ్గర పట్టుకొని పైకి లేపండి. గదవ దాటి చెవుల దాకా వచ్చిందంటే నీళ్ళలో మనిషి కిందికి, జాకెట్ పైకి పోతాయి. నాలుగేళ్ళ చిన్నోడిదానికి కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాలి. ప్రతి జాకెట్‌కు ఒక విజిల్ కట్టండి, పది రూపాయల పని.

ఇంకోటి. డ్యాం కింది వైపు స్నానాలకు, గాలానికి దిగొద్దు. సాగర్ మెయిన్ పవర్‌హౌస్‌లో 8 యూనిట్లు, అందులో 7 రివర్సిబుల్. కరెంటు గిరాకీ ఉన్నప్పుడు నీళ్ళు కిందికి వదులుతారు, లేనప్పుడు టెయిల్‌పాండ్ నుంచి, అంటే డ్యాం దిగువన ఆ నీళ్ళు ఆపే చిన్న జలాశయం నుంచి, పైకి తోడుతారు. వాన చినుకు లేకపోయినా కింద నీళ్ళు లేస్తాయి. బండ మీద కూర్చున్నవాడికి చుట్టూ నీళ్ళు వచ్చాక తెలుస్తుంది. సైరన్ వినపడితే సామాను కోసం చూసుకోకుండా ఎక్కేయాలి.

నల్లగొండ_రవ్వచేప

తాతా, అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. రెండు పడవలు మాట్లాడాం, పొద్దున ఆరున్నరకు. ఇల్లు గలావిడకే టైము చెప్పి వెళ్తాం. నిన్న అపార్టుమెంటు స్విమ్మింగ్ పూల్‌లో పిల్లలకు జాకెట్లు తొడిగి దించాను. చిన్నోడిది తాత చెప్పినట్టే చెవుల దాకా వచ్చింది, వాపస్ చేస్తున్నాను. మామగారు "నేను వేసుకోను, నవ్వుతారు" అన్నారు. మా ఆవిడ "మీరు వేసుకోకపోతే నేనూ పిల్లలూ ఒడ్డునే ఉంటాం" అంది. సాయంత్రానికి ఆయనే అడిగి తొడుక్కొని చూసుకున్నారు. పొట్ట దగ్గర బెల్టు అందలేదు. ఆయనదీ పెద్ద సైజుకు మార్చాలి.

లైన్‌మన్_తాత

మార్చేటప్పుడు నీలం తీసుకోకు, నారింజ రంగు తీసుకో. నీళ్ళలో నీలం కనపడదు. ఎర్రలు హైదరాబాద్ నుంచి మోసుకురావద్దు, ఎండకు దారిలోనే చస్తాయి. ముందు రోజు ఇక్కడ మెసేజ్ పెట్టు, మా బావి గడ్డ దగ్గర తవ్వి తడి మట్టిలో పెట్టి ఉంచుతాను.