పెడల్ స్టీల్: మూడో తీగ గుచ్చుతోంది, హై తగ్గిస్తే మిగతావి మూసుకుపోతున్నాయి

ఈ9_సాధన:

నమస్తే అండి. డాలస్‌లో కంట్రీ బ్యాండ్‌తో వాయిస్తున్నాను. 10 తీగల పెడల్ స్టీల్ గిటార్ (తీగల మీద లోహపు బార్ జరుపుతూ, పెడళ్లతో స్వరం మార్చే వాద్యం), ఈ9 ట్యూనింగ్, 18 కిలో ఓమ్‌ల సింగిల్ కాయిల్ పికప్, లోపల పాట్ (తిప్పితే నిరోధం మారే భాగం) ఉన్న మామూలు వాల్యూమ్ పెడల్, ఆంప్ పీవీ నాష్‌విల్ 112. ఇంట్లో హాయిగా పలుకుతుంది. స్టేజి మీద డ్రమ్స్, బేస్ కలిశాక 12వ ఫ్రెట్ దాటితే మూడో తీగ చెవిలో సూది గుచ్చినట్టే. హై తగ్గిస్తే ఆ పోటు అలాగే ఉండి, 8, 9, 10 తీగలు దుప్పటి కప్పినట్టు అవుతున్నాయి. ఇప్పుడున్న సెట్టింగ్: లో +6, మిడ్ 0, హై −4, ప్రెజెన్స్ సగం. మొదట ఏ నాబ్ ముట్టుకోవాలి?

మోకాలి_లీవర్:

హై నాబ్ జోలికి వెళ్లకండి. గుచ్చేది ట్రెబుల్ కాదు, మిడ్. లెక్క చూడండి. మూడో తీగ జీ షార్ప్, బార్ పెట్టకుండా మీటితే 415 హెర్ట్జ్. 12వ ఫ్రెట్‌లో అది 830. ఆ తీగని అర స్వరం పెంచే బి పెడల్ తొక్కితే అది ఏ (A) స్వరం అవుతుంది, అంటే 880. మీకు పోటు పెడుతున్నవి పైనుండే సన్నటి జీరలు కావు, అసలు స్వరమే 800 చుట్టూ కూర్చుంది. హై నాబ్ ప్రభావం దానికి బాగా పైన ఉంటుంది. కాబట్టి దాన్ని తగ్గించినకొద్దీ మంద్ర తీగల స్పష్టత పోతుందే తప్ప మూడో తీగ దిగిరాదు. స్టీల్ వాయించేవాళ్లు 800 దగ్గర మిడ్ కోయడం అలవాటుగా పెట్టుకున్నది ఇందుకే. మిడ్ పనిచేసే ఆ చోటుని పైకీ కిందికీ జరిపి వెతుక్కోవడానికే మీ ఆంప్‌లో షిఫ్ట్ నాబ్ ఉంది.

ఎవరి పికప్‌కి, ఎవరి స్పీకర్‌కి ఆ చోటు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. అందుకని చెవితో పట్టుకోవాలి. ఆంప్‌ని వెనకనుంచి తీసి కుడి చేతికి అందేలా కుర్చీ మీద పెట్టండి. రివర్బ్, డిలే లాంటి ప్రతిధ్వనులు పూర్తిగా ఆపండి. నాబ్‌లన్నీ 0కి తెచ్చి, శబ్దం బాగా తగ్గించి, మిడ్‌ని +8కి ఎత్తండి. ఎడమ చేత్తో బార్ 12వ ఫ్రెట్ మీద కదలకుండా ఆపి, మూడో తీగ మీటి, ఖాళీ అయిన కుడి చేత్తో షిఫ్ట్‌ని కింది నుంచి పైకి నెమ్మదిగా తిప్పండి. స్వరం ఆరిపోతుంటే మళ్లీ మీటండి. ఒకచోట రేకు డబ్బాలోంచి ముక్కుతో పాడినట్టు వికారంగా ఉబ్బుతుంది. షిఫ్ట్‌ని అక్కడే వదిలి మిడ్‌ని −7కి దించండి. ఇప్పుడు శబ్దం స్టేజి స్థాయికి పెంచి వినండి. ఇంకా గుచ్చితే −9. −10 దాటితే స్వరంలో కండ పోయి బ్యాండ్‌లో మీరు వినపడరు, అక్కడ ఆగాలి.

ఆ తర్వాతే హైని +1, +2కి తేవాలి. లో +6 మాత్రం చాలా ఎక్కువ. మీ పదో తీగ బి, 123 హెర్ట్జ్. 100 కింద మీ వాద్యంలో పెడళ్ల దబదబలు, హమ్ తప్ప స్వరమంటూ లేదు, ఆ జాగా బేస్ వాళ్లది. +1 చాలు. ప్రెజెన్స్ పావు వంతు.

పదో_తీగ:

పైన చెప్పింది నిజం. కానీ వాల్యూమ్ పెడల్ సంగతి చూడకుండా సెట్ చేస్తే మళ్లీ మొదటికొస్తారు. పెడల్ మొత్తం తొక్కి టోన్ సెట్ చేసి, వాయించేటప్పుడు సగంలో పెట్టి మీటుతున్నారా? అయితే మీరు సెట్ చేసిన టోన్ వేరు, వాయిస్తున్న టోన్ వేరు.

కారణం ఇది. 500 కిలో ఓమ్‌ల పాట్ సగం నిరోధం దగ్గర ఉన్నప్పుడు దాని అవుట్‌పుట్ వైపు సుమారు 125 కిలో ఓమ్‌లు కనిపిస్తాయి. అక్కడినుంచి ఆంప్ దాకా 6 మీటర్ల కేబుల్ ఉంటే, మీటరుకి 100 పికోఫారడ్ల చొప్పున 600. ఈ రెండూ కలిసి సుమారు 2,100 హెర్ట్జ్ పైన కోత మొదలుపెడతాయి. పెడల్ మొత్తం తొక్కగానే ఆ కోత పోయి, హై ఒక్కసారిగా బయటికి దూకుతుంది.

చాలామంది గిటార్‌కీ పెడల్‌కీ మధ్య బఫర్ (సిగ్నల్ బలహీనపడకుండా ముందుకు పంపే చిన్న సర్క్యూట్) పెట్టి అయిపోయిందనుకుంటారు. ఆ బఫర్ పికప్ మీద పాట్ భారం తీసేస్తుంది, అది మంచిదే. పాట్‌కి అవతలున్న కేబుల్‌ని మాత్రం అది ఏమీ చేయలేదు. పెడల్ తర్వాత కేబుల్ పొట్టిగా ఉండాలి, లేదా పెడల్ పక్కనే ఇంకో బఫర్ ఉండాలి. మీ డిలే ఇన్‌పుట్ బఫర్ ఉన్న రకమైతే దాన్ని అరమీటరు కేబుల్‌తో పెడల్ పక్కనే పెట్టండి, వేరే పెట్టె అక్కర్లేదు. ట్రూ బైపాస్ డిలే (ఆపితే సిగ్నల్‌ని తన సర్క్యూట్ తాకకుండా నేరుగా దాటించేది) అయితే ఆపినప్పుడు ఆ లాభం ఉండదు.

నాబ్‌లు తిప్పేటప్పుడు పెడల్ మీ మామూలు చోటే, సగానికి కొంచెం పైన ఉండాలి. మిగతా ప్రయాణం స్వరం ఆరిపోతున్నప్పుడు నిలబెట్టడానికి దాచుకోవాలి.

ఇంకొకటి, పికప్ ఎత్తు. తీగల కింద 3 నుంచి 4 మిల్లీమీటర్ల ఖాళీ చూడండి. మూడో తీగే మరీ ముందుకొస్తుంటే పికప్‌ని ఆ వైపు పావు చుట్టు దించి వినండి. మరీ దగ్గరుంటే అయస్కాంతం తీగని లాగి పట్టుకుంటుంది, స్వరం నిలవదు.

స్టేజి_మూల:

ఆంప్ ఎక్కడ పెడుతున్నారో చెప్పలేదు. నేల మీద, మీ వెనక అయితే స్పీకర్ మీ మోకాళ్లకి వాయిస్తోంది. 12 అంగుళాల స్పీకర్‌లో హై టార్చిలైట్‌లా నేరుగా ముందుకే పోతుంది, పక్కకి తప్పుకున్న చెవికి మొద్దుగా వినిపిస్తుంది. మీకు మొద్దుగా ఉందని హై పెంచితే మొదటి వరసలో కూర్చున్నవాళ్ల చెవులు చిల్లులు పడతాయి. కుర్చీ ఎత్తుకి లేపండి, లేదా వెనక్కి వాల్చండి. మూలకి నెడితే లో దానంతటదే ఉబ్బుతుంది, గోడకి కనీసం ఒక మీటరు దూరం ఉంచండి.

హాల్లో ఎలా ఉందో తెలియాలంటే లూపర్‌ని (వాయించింది రికార్డ్ చేసి మళ్లీ మళ్లీ వినిపించే పెట్టె) ఆంప్‌కి ముందు కలిపి, మూడో తీగ, పదో తీగ రెండూ తగిలే నాలుగు తాళపు ఆవర్తాలు రికార్డ్ చేసి తిరగనివ్వండి. లేచి హాల్ మధ్యలోకి నడిచి వినండి.

చేతిదీ కొంత ఉంది. మెటల్ ఫింగర్ పిక్స్‌తో పికప్‌కి ఆనుకుని మీటితే ఏ ఆంప్ అయినా గుచ్చుతుంది. రెండు అంగుళాలు ఫ్రెట్‌బోర్డు వైపు జరగండి. పిక్ అంచు తీగకి అడ్డంగా గీసుకోకుండా చదునుగా తగలాలి.

ఈ9_సాధన:

చేసి చూశాను. షిఫ్ట్ 800 కంటే ఒక వెంట్రుక పైన ఆగింది. మిడ్ −8, హై +2, లో +1. పెడల్ తర్వాత కేబుల్ మీటరుకి తగ్గించాక సగంలో కూడా పదో తీగ విడిగా వినిపిస్తోంది. ఒక సందేహం: వచ్చే నెల షోలో వాళ్లు ఇచ్చేది ఫెండర్ ట్విన్ రివర్బ్. అందులో షిఫ్ట్ లేదుగా?

మోకాలి_లీవర్:

లేదు. ఈ అంకెలు అక్కడికి మోసుకెళ్లకండి. మీ పీవీలో 0 అంటే పెంచనూ లేదు, తగ్గించనూ లేదు. ట్విన్ నాబ్‌లు కోయడమే తప్ప పెంచలేవు, మూడూ ఒకదాన్నొకటి లాగుతాయి. అన్నీ 5లో పెడితే సమంగా ఉందనుకుంటారు, నిజానికి మిడ్ అప్పటికే లోతుగా కోసేసి ఉంటుంది. దాదాపు సమంగా పలికేది బేస్ 2, మిడిల్ 10, ట్రెబుల్ 3 దగ్గర.

మీరు బేస్ 4, మిడిల్ 3, ట్రెబుల్ 5తో మొదలుపెట్టండి. బ్రైట్ స్విచ్ ఆఫ్. అది వాల్యూమ్ పాట్ మీదున్న చిన్న కెపాసిటర్, వాల్యూమ్ తక్కువగా ఉన్నప్పుడే ఎక్కువ గుచ్చుతుంది. మూడో తీగ ఇంకా ముందుకొస్తే ముందు మిడిల్ 2కి దించి, తర్వాతే ట్రెబుల్ ముట్టుకోండి. సౌండ్ చెక్ ఐదు నిమిషాలే ఇస్తే రివర్బ్ ఆపి, 12వ ఫ్రెట్‌లో మూడో తీగ, ఆ వెంటనే పదో తీగ, ఈ రెండే వినండి. రివర్బ్ చివర్లో 2 దాకా తెచ్చుకోవచ్చు.