అప్‌డేట్: పెద్దనాయన కళాకారుల పెన్షన్ సంగతి

పోయిన నెల అడిగాను గుర్తుందా? దేవరకొండ దగ్గర మా ఊళ్ళో నలభై ఏళ్ళు యక్షగానం ఆడిన మా పెద్దనాయనకు కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే వృద్ధ కళాకారుల సాయం ఎట్లా వస్తుందని. అరవై దాటి, ఆదాయం తక్కువున్న కళాకారులకు నెలకు 6,000 రూపాయల దాకా ఇచ్చే స్కీమ్ అది.

మొదటిసారి కాగితాలు వెనక్కి వచ్చాయి. ఆదాయ సర్టిఫికెట్ మీసేవలో తేలిగ్గానే దొరికింది. ఆడినట్టు రుజువు చూపించమంటేనే టెన్షన్ మొదలైంది. రాత్రంతా దీపాల కింద ఆడిన మనిషికి సర్టిఫికెట్ ఎవరిచ్చారు?

మీలో ఒకరు పాత కరపత్రాలు వెతకమన్నారు. రేకు పెట్టె తెరిస్తే, పొనికి కర్ర భుజకీర్తుల కింద పసుపు రంగుకు తిరిగిన జాతర కరపత్రాలు ఏడు దొరికాయి. రెండింటి మీద ఆయన పేరు అచ్చయి ఉంది. పెద్దనాయన వేలితో ఆ అక్షరాలు తడిమి చాలాసేపు మాట్లాడలేదు.

వాటి నకళ్ళు, సర్పంచ్ రాసిచ్చిన లెటర్ జతచేసి సోమవారం మళ్ళీ పంపాం. ఈసారి తీసుకున్నారు. డబ్బు ఇంకా రాలేదు. ఆయన మాత్రం మద్దెలకు కొత్త తోలు వేయించమంటున్నాడు.