ఆఫీసులో చెమట బట్టలు ఎక్కడ ఆరేయాలి? చెన్నైలో సైకిల్ తొక్కేవాళ్లు చెప్పండి

వేళచ్చేరి సైకిల్:
అందరికీ నమస్కారం. వేళచ్చేరి నుంచి శోళింగనల్లూరులో ఉన్న ఆఫీసుకు సైకిల్ మీద వెళ్తున్నాను. పొద్దున ఏడు లోపే బయల్దేరినా, చేరేసరికి టీషర్టు పిండితే నీళ్లు కారేలా ఉంటుంది. మా అనంతపురంలో ఎండ ఇంతకంటే ఎక్కువే గానీ పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోయేది. ఇక్కడి ఉక్కలో ఆరదు. మా ఆఫీసులో షవర్ లేదు. వాష్‌రూమ్‌లో తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుని బట్టలు మార్చుకుంటాను, దానికేం ఇబ్బంది లేదు.

ఇబ్బందల్లా విడిచిన బట్టలతోనే. నాకంటూ ఒక సీటు లేదు, రోజుకో చోట కూర్చోవాలి. ఇచ్చిన లాకరు చిన్న ఇనప డబ్బా, గాలి ఆడటానికి కంతలు కూడా లేవు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి అందులో పెడితే సాయంత్రానికి తడి తడిగానే ఉంటుంది, తలుపు తీస్తే కంపు. పోనీ అని కుర్చీ వెనక వేశాను. ఎవరూ మొహం మీద ఏమీ అనలేదు గానీ, పక్క సీటావిడ రూమ్ ఫ్రెషనర్ కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టుకున్నారు. సాయంత్రం ఆ చల్లటి తడి బట్టలే మళ్లీ తొడుక్కోవాలంటే ప్రాణం ఉసూరుమంటోంది. ఎవరికీ ఇబ్బంది లేకుండా ఆరబెట్టుకునే దారేదైనా ఉందా?

సూళ్లూరుపేట అన్న:
తమ్ముడూ, ఎక్కడ ఆరేయాలన్నది తర్వాత. ముందు జాడించు. అప్పుడే పట్టిన చెమటకు పెద్దగా వాసన ఉండదు. చర్మం మీద ఉండే బాక్టీరియా ఆ చెమటనూ ఒంటి జిడ్డునూ తిని వదిలేవాటిదే ఆ కంపంతా. వెచ్చగా, తడిగా, గాలి లేకుండా ఉంటే అవి ఇంకా పెరుగుతాయి. కవర్లో చుట్టి లాకర్లో పెట్టడమంటే వాటికి అడ్వాన్స్ లేకుండా ఇల్లు అద్దెకిచ్చినట్టే.

నేను చేసేది ఇది. ఆఫీసుకు రాగానే, జనం రాకముందే, బేసిన్‌లో ఉత్త నీళ్లతో టీషర్టును రెండుసార్లు జాడిస్తాను. చంకలు, మెడ, వీపు దగ్గర కాస్త నలుపుతాను. సబ్బు వాడను. సబ్బు పెడితే అది పోయేదాకా పంపు దగ్గర నిలబడాలి, ఓఎంఆర్‌లో (మన ఆఫీసులుండే ఓల్డ్ మహాబలిపురం రోడ్డు) ట్యాంకర్లతో వచ్చే ఉప్పు నీళ్లకు అది ఓ పట్టాన వదలదు. బాగా పిండాక పొడి తువ్వాలు పరిచి, దాని మీద టీషర్టు పరిచి, రెండూ కలిపి గట్టిగా చుట్టి, రెండు కొసలూ పట్టుకుని మెలిపెట్టాలి. అసలు కిటుకు ఇదే. చేత్తో ఎంత పిండినా రాని నీళ్లు తువ్వాలు లాగేస్తుంది. విప్పి చూస్తే చేతికి చెమ్మ తగులుతుందంతే. అప్పుడు హ్యాంగరుకు తగిలిస్తే మధ్యాహ్నం భోజనం వేళకు దాదాపు ఆరిపోతుంది. కింద నేల మీద చుక్క కూడా పడదు.

నిద్రమొహం:
బాగుంది అన్నా. మరి ఆ తువ్వాలు ఎక్కడ ఆరేయాలి?

సూళ్లూరుపేట అన్న:
అదీ హ్యాంగరుకే. అందులో ఉన్నది జాడించిన నీళ్లు, చెమట కాదు. వాసన రాదు. పల్చటి మైక్రోఫైబర్ తువ్వాలు కొనుక్కో, మామూలు టర్కీ తువ్వాలు అయితే సాయంత్రం దాకా ఆరదు. మన గళ్ల తుండుగుడ్డ ఇంకా నయం, పల్చగా ఉంటుంది, చవక, పైగా ఎవరైనా చూసినా తుండే కదా అనుకుంటారు.

గూడూరు అక్క:
ఏ రకం బట్ట వేసుకుంటున్నారో చెప్పలేదు. కాటన్ అయితే పైన చెప్పినట్టు ఎంత మెలిపెట్టినా కష్టమే. కాటన్ నూలు తన లోపలికే నీటిని పీల్చుకుంటుంది. మామూలు గాలిలోనే తన బరువులో దాదాపు 8 శాతం చెమ్మ పట్టి ఉంచుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా ఉంచుకోదు. నీళ్లు పోగుల మధ్య సందుల్లో నిలుస్తాయంతే, అందుకే పిండితే వచ్చేస్తాయి, త్వరగా ఆరతాయి.

కానీ పాలిస్టర్‌తో వేరే తలనొప్పి. నీళ్లు అంటవు గానీ జిడ్డు అంటుకుంటుంది. బెల్జియంలో గెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది. 26 మంది చేత జిమ్ సైకిల్ గట్టిగా తొక్కించి, వాళ్ల చొక్కాలను ఒక రోజు పైన మూసి ఉంచి, తర్వాత వాసన చూడటంలో అనుభవమున్న వాళ్లకు ఇచ్చారు. కాటన్ కంటే పాలిస్టర్ చొక్కాలే ఎక్కువ కంపు కొట్టాయి. మైక్రోకాకస్ అనే బాక్టీరియా పాలిస్టర్ మీద బాగా పెరుగుతుందని తేలింది. చూడండి, అక్కడా చొక్కాలను మూసే పెట్టారు, మీ లాకరులాగే. కాబట్టి పాలిస్టరే వేసుకోండి, కానీ తడిది ఎప్పుడూ మూసిపెట్టొద్దు.

ఇంకొకటి, ఇంట్లో ఉతికేటప్పుడు ఫాబ్రిక్ కండిషనర్ వాడకండి. అది దారాల మీద పూతలా పట్టేసి చెమటను లాగే గుణం చెడగొడుతుంది. ఉతికి ఆరేసిన టీషర్టు కూడా మళ్లీ కాస్త తడవగానే ముక్కిన వాసన కొడుతోందంటే జిడ్డు లోపల పేరుకుపోయిందన్నమాట. అరబకెట్ నీళ్లలో ఒక కప్పు తెల్ల వెనిగర్ పోసి అరగంట నానబెట్టి తర్వాత మామూలుగా ఉతకండి. వెనిగర్‌నూ బ్లీచింగ్‌నూ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి, విషవాయువు వస్తుంది.

నిద్రమొహం:
మా ఆఫీసులో ఒకడు సర్వర్ రూమ్‌లో ఆరేస్తానని ఐడియా ఇచ్చాడు. లోపల చల్లగా, పొడిగా, హోరుమని గాలి.

బిల్డింగ్ మెయింటెనెన్స్:
దయచేసి ఆ పని చేయకండి, ఎవరికీ చెప్పనూ చెప్పకండి. నేను ఓఎంఆర్ మీద ఒక టవర్‌లో మెయింటెనెన్స్ చూస్తాను. సర్వర్ రూమ్‌లోకి తడి వస్తువు తీసుకెళ్తే నేరుగా సెక్యూరిటీ ఫిర్యాదు అవుతుంది. యూపీఎస్ గది, కరెంటు ప్యానెల్ గది కూడా అంతే. ఫైర్ మెట్ల మీద రెయిలింగుకు వేస్తారు కొందరు. అది అత్యవసరంలో జనం దిగే దారి, అక్కడ ఏదీ ఉండకూడదు. మేమే తీసి పక్కన పడేస్తాం, తర్వాత మమ్మల్ని తిట్టుకోవద్దు.

ఎవరూ ఊహించని చోటు ఇంకొకటుంది, ఏహెచ్‌యూ గది. ప్రతి ఫ్లోరులోనూ ఏసీ గాలి తిప్పే పెద్ద యంత్రం ఉండే గది అది. చాలా బిల్డింగుల్లో హాల్లోని గాలి వెనక్కి వచ్చి ఆ గదిలోంచే మళ్లీ యంత్రంలోకి వెళ్తుంది. అక్కడ చెమట టీషర్టు వేలాడదీస్తే ఆ వాసనను యంత్రమే ఫ్లోరంతా పంచిపెడుతుంది. ఎవరి వల్ల వచ్చిందో తెలియక మేం ఎలుక చచ్చిందేమోనని సీలింగు విప్పుకుంటూ కూర్చోవాలి. హాల్లో కూడా సీలింగులో గాలి బయటికి వచ్చే జాలీ వేరు, లోపలికి లాగే జాలీ వేరు. లాగే జాలీ కింద వేయకండి.

ఏసీ హాలు చల్లగా ఉంటుంది కదా, అక్కడ బట్టలు ఏం ఆరతాయి అనుకుంటారు. ఏసీ గాలిని చల్లబరచడమే కాదు, అందులోని చెమ్మను నీళ్లుగా మార్చి పైపులోంచి బయటికి పంపేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో బయట రోజంతా వేలాడదీసినా ఆరని బట్ట, ఏసీ ఫ్లోరులో గాలి తగిలే చోట ఆరుతుంది. బేస్‌మెంట్ పార్కింగ్‌లో మాత్రం వేయకండి. అక్కడ ఏసీ ఉండదు, గాలి కదలదు, పైగా బండ్ల పొగ. మార్చి నుంచి జూన్ దాకా అయితే మధ్యాహ్నం టెర్రస్ మీద ఎండను మించింది లేదు, ఎవరైనా అనుమతి ఇస్తే.

అనుమతి అంటే గుర్తొచ్చింది. మీ బిల్డింగ్ లాబీలో లీడ్ (LEED) అనే గ్రీన్ బిల్డింగ్ రేటింగ్ ఫలకం ఉందేమో చూడండి. ఆ రేటింగ్ నాలుగో వెర్షన్‌లో సైకిల్ సదుపాయాలకు ఒక పాయింటు ఉంది. ఆ పాయింటు కావాలంటే సైకిల్ స్టాండుతో పాటు, మొదటి 100 మందికి కనీసం ఒక షవర్, బట్టలు మార్చుకునే చోటు ఉండాలి. అన్ని బిల్డింగులూ ఆ పాయింటు తీసుకోవు. కానీ తీసుకున్న చోట షవర్ కట్టి, తర్వాత అందులో చీపుర్లు, డబ్బాలు పెట్టి తాళం వేసేస్తుంటారు. అడ్మిన్‌ను అడిగితే తెలుస్తుంది.

పక్క సీటు మనిషి:
నేను సైకిల్ తొక్కను. తొక్కేవాడి పక్కన కూర్చుంటాను. ఆ రూమ్ ఫ్రెషనర్ అక్క తరఫున నాలుగు మాటలు.

ఒకటి, చెమట మీద బాడీ స్ప్రే కొట్టి కప్పిపెట్టకండి. రెండూ కలిసిన వాసన తలనొప్పి తెప్పిస్తుంది, ఉత్త చెమటే దాని కంటే నయం. రెండు, వాసన లేకపోయినా కళ్ల ముందు ఎవరిదో సైకిల్ నిక్కరు వేలాడుతుంటే డబ్బా తెరిచి అన్నం తినబుద్ధి కాదండీ. టీషర్టు వరకు ఎవరూ ఏమీ అనుకోరు. మిగతావి కనబడని చోట పెట్టుకోండి. ఇక ఒక్కసారి నోరు తెరిచి అడగండి. మా పక్కాయన మొదటి వారంలోనే "నేను సైకిల్ మీద వస్తాను, వాసన వస్తే మొహమాటపడకుండా చెప్పండి" అన్నాడు. ఆ తర్వాత నాకు వచ్చినా చెప్పబుద్ధి కాలేదనుకోండి.

రెండు జతలు:
అందరూ ఆరేయడం గురించే మాట్లాడుతున్నారు. టీషర్టు సరే, సీటు దగ్గర మెత్త ఉండే సైకిల్ షార్ట్స్ సంగతేంటి? ఆ మెత్త జాడించి పిండితే సాయంత్రానికి పూర్తిగా ఆరదు. పైకి పొడిగా ఉన్నా లోపల చెమ్మ ఉంటుంది. అది వేసుకుని మళ్లీ తొక్కితే గజ్జల్లో రాపిడి, తర్వాత తామర. చెన్నై ఉక్కలో ఒకసారి పట్టుకుందంటే వదిలించుకోవడానికి వారాలు పడుతుంది. స్టెరాయిడ్ కలిసిన క్రీములు మెడికల్ షాపులో అడిగి రాసుకుంటే ఇంకా ముదురుతుంది, చర్మం డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

కాబట్టి షార్ట్స్, లోదుస్తులు, సాక్సులు ఆఫీసులో ఆరేయనే వద్దు. ఇంకో జత పొడిది తెచ్చుకోండి. సోమవారం క్యాబ్‌లోనో బస్సులోనో వెళ్లి వారానికి సరిపడా ఆఫీసు బట్టలు, తిరుగు ప్రయాణం జతలు లాకర్లో పెట్టేయండి. రోజూ విడిచినవి గాలి ఆడే గుడ్డ సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకెళ్లి అదే రాత్రి ఉతకడం. ప్లాస్టిక్ కవరు వద్దు.

ఇంకో మాట. వీపు సంచి వేసుకుని తొక్కుతున్నారా? అయితే సగం తడి దాని వల్లే. వెనక క్యారియరుకు కట్టే సంచి తీసుకోండి, వీపుకు గాలి తగులుతుంది. చివరి పది నిమిషాలు తాపీగా తొక్కండి. శోళింగనల్లూరు సిగ్నల్ దాకా రేసులా తొక్కి లోపలికి వచ్చి నిలబడితే, దిగిన తర్వాత పట్టే చెమటే ఎక్కువ. బట్టలు మార్చుకునే ముందు ఓ పావుగంట ఫ్యాను కింద కూర్చోవాలి, లేకపోతే ఆఫీసు చొక్కా కూడా తడుస్తుంది.

సూళ్లూరుపేట అన్న:
షార్ట్స్ విషయంలో ఈయన మాటే కరెక్ట్. నేను టీషర్టు, తువ్వాలు, చేతి గ్లవ్స్ వరకే ఆరేస్తాను.

వేళచ్చేరి సైకిల్:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇవాళ అడ్మిన్‌లో అడిగాను. షవర్ లేదట, లీడ్ ఫలకం కూడా లేదు. కానీ హౌస్‌కీపింగ్ గదిలో మాప్‌లు ఆరేసే స్టాండు ఉంది, దాని పక్కనే గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాను. అక్కడి అక్కను నాకు వచ్చిన అరకొర తమిళంలో అడిగాను. "తొవైచ్చుట్టు పోడు తంబీ" అంది, అంటే ఉతికి వేయమని. ఆవిడా జాడించమనే చెప్పిందన్నమాట. ఒక మూల హ్యాంగరు తగిలించుకోనిచ్చింది. జాడించి, తుండుగుడ్డలో మెలిపెట్టి వేస్తే రెండింటికల్లా ఆరింది, వాసన లేదు. షార్ట్స్ రెండో జత తెచ్చుకుంటాను. కాకపోతే ఇంకో ప్రశ్న మిగిలింది, షూస్. వాన పడిన రోజు పల్లికరణై దగ్గర నీళ్లలోంచి తొక్కాల్సి వస్తుంది. హెల్మెట్ లోపలి మెత్తలు కూడా కంపు కొడుతున్నాయి.

గూడూరు అక్క:
హెల్మెట్ మెత్తలు చాలావాటికి ఊడి వస్తాయి, వెల్‌క్రోతో అంటించి ఉంటాయి. వారానికి ఒకసారి షాంపూ నీళ్లతో కడిగి నీడలో ఆరేయండి. హెల్మెట్‌ను మాత్రం ఎండలో గంటలకొద్దీ పెట్టకండి, లోపలి థర్మోకోల్ లాంటి పదార్థం వేడికి పాడవుతుంది.

షూస్‌కు పాత పేపరే మందు. లోపలి అట్ట తీసి విడిగా నిలబెట్టి, షూ నిండా పేపరు ఉండలు కుక్కండి. గంట తర్వాత తడిసిన పేపరు తీసి కొత్తది పెట్టాలి, అది మర్చిపోతే లాభం లేదు. ఇంకుతో మరక పడుతుందనుకుంటే టిష్యూలు వాడండి.

బిల్డింగ్ మెయింటెనెన్స్:
హ్యాండ్ డ్రయ్యరు కింద షూ పెట్టే బాపతు కూడా ఉన్నారు. అది వేడెక్కి ఆగిపోతుంది, తర్వాత మాకు కాల్ వస్తుంది.

రెండు జతలు:
వానాకాలంలో షూసే వద్దు తమ్ముడూ. వెనక పట్టీ ఉన్న రబ్బరు శాండల్స్ వేసుకుని తొక్కు, ఆఫీసుకు రాగానే పంపు కింద పెట్టి గుడ్డతో తుడిచేయొచ్చు. ఆఫీసు షూస్ లాకర్లోనే ఉంచెయ్. ఒకవేళ నీళ్లు పెడల్ దాకా వచ్చాయంటే తొక్కకు, మ్యాన్‌హోల్ ఎక్కడుందో కనబడదు. దిగి నడిపించుకుని వెళ్లడం కూడా వద్దు, ఆ రోజుకు బస్సెక్కు.