నాన్న దాచిన రాళ్ళు ఎవరికివ్వాలి? (ఒంగోలు)

పలకాబలపం (మార్కాపురం):
మా నాన్న డిగ్రీ కాలేజీలో జియాలజీ చెప్పేవారు. నిరుడు పోయారు. ఒంగోలు ఇంట్లో ఒక గది నిండా రాళ్ళే. చీమకుర్తి గెలాక్సీ (మెరుపు చుక్కల నల్ల గ్రానైట్), కనిగిరి గ్రానైట్, సైదాపురం మైకా, గరిమెనపెంట రాగి రాయి, మా మార్కాపురం పలక. ప్రతిదాని మీదా తెల్ల పెయింటు పట్టీ, దాని మీద నల్ల సిరాతో నంబరు. ఏ నంబరు ఎక్కడిదో ఫీల్డ్ నోటుబుక్కుల్లో ఉంది. గది అద్దెకిద్దామని అమ్మ తొందర. హైదరాబాదులో ఏదన్నా పరిశోధన సంస్థకి ఇచ్చెయ్యాలా, జిల్లాలోనే ఉంచాలా?

రాళ్ళ మాస్టారు (నెల్లూరు):
యాడికీ పంపొద్దు తల్లీ. ఈ జిల్లా రాయి ఈ జిల్లా పిల్లకాయలు చూడాలి. హైదరాబాదు పోయింది ఏదీ తిరిగి రాదు.

జిర్కాన్ (సొంతూరు కందుకూరు, ఉండేది హైదరాబాదు):
మాస్టారూ, జిల్లాలో ఉంచడమంటే ఎక్కడ? నేను చదివిన కాలేజీలో జియాలజీ ఎత్తేశాక మ్యూజియం రాళ్ళన్నీ సైకిల్ స్టాండు పక్కన పోశారు. లేబుళ్ళు చెదలు తిన్నాయి. నంబరు పోయిన రాయి కంకరతో సమానం.
పైగా గరిమెనపెంట రాయిలో సల్ఫైడ్లు (గంధకం కలిసిన ఖనిజాలు) ఉంటాయి. గాలిలో తేమ 60 శాతం దాటితే పైరైట్ లాంటివి ఆక్సీకరణం చెంది సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. అది లేబుల్ని, అట్టపెట్టెని, చివరికి పక్క రాయిని కూడా తింటుంది. ఒంగోలు సముద్రం పక్క ఊరు. తేమ అదుపులో ఉండే గది కావాలి.

రాళ్ళ మాస్టారు:
గ్రానైట్‌కి ఏసీ ఎందుకబ్బాయ్?

జిర్కాన్:
నేనన్నది సల్ఫైడ్ల గురించి.

రాళ్ళ మాస్టారు:
మరి మైకాకి?

ఒంగోలు గిత్త:
మా ఇంట్లో మనుషులకే లేదు ఏసీ 😀

చీమకుర్తి శీను:
నేను క్వారీలో సూపర్‌వైజర్‌ని. రాయి కావాలంటే రామతీర్థం రండి, వేస్టు ముక్కలు గుట్టలుగా పడున్నాయి. పాతవి దాచుకుని ఏం చేస్తారు?

జిర్కాన్:
శీనన్నా, 1980ల్లో తవ్విన బెంచి (క్వారీ మెట్టు) ఇప్పుడుందా? ఆ రాయి పలకలై ఏ దేశంలో ఎవరింటి నేల మీద ఉందో. గెలాక్సీలో మెరిసే ఆ బ్రాంజైట్ చుక్కలు బెంచికీ బెంచికీ ఒకేలా ఉండవని మీకు నాకన్నా బాగా తెలుసు. పై బెంచి రాయి ఎలా ఉండేదో చూడాలంటే ఇలాంటి గదులే దిక్కు.

చీమకుర్తి శీను:
అది నిజమేలే. మా పాత బెంచీలు ఇప్పుడు గాల్లోనే ఉండాయి.

సైదాపురం కుర్రోడు:
నాదొక డౌటు. ఇచ్చేస్తే ఆ నోటుబుక్కుల్లో లొకేషన్లు నెట్లో పెడతారా? మా వైపు తెల్లరాయికి (క్వార్ట్జ్) ఎట్టా తవ్వకాలు జరుగుతుండాయో పేపర్లో చూస్తానే ఉండారు. లాటిట్యూడ్ లాంగిట్యూడ్ పెడితే తెల్లారేసరికి ప్రొక్లెయిన్ దిగుద్ది.

రాళ్ళ మాస్టారు:
ఏసీ సంగతి వదిలెయ్. అసలు కోయకుండా ఉంచుతారా అని నా బాధ. ఇచ్చిన రాయిని నాలుగు ముక్కలు చేసి, పొడికొట్టి, అయిపోయిందంటారు. పైగా మన పెగ్మటైట్లలో (పెద్ద పెద్ద స్ఫటికాలుండే రాళ్ళు) చూడాల్సింది నియోబియం, టాంటలం అనే అరుదైన లోహాలు. టంగ్‌స్టన్ కార్బైడ్ మిల్లులో పొడికొడితే టంగ్‌స్టను, కోబాల్టు, టాంటలం కూడా పాత్రలోంచే కలుస్తాయి. అది కూడా రాయిలోదేనని రాసేస్తే అడిగేవాడెవడు?

జిర్కాన్:
మిల్లు మాట ఒప్పుకుంటా, అందుకే అగేట్ పాత్ర వాడతాం. కోత మాట మాత్రం ఒప్పుకోను. థిన్ సెక్షన్ (మైక్రోస్కోపులో చూడ్డానికి అరగదీసిన రాతి పొర) మందం 0.03 మిల్లీమీటర్లు. పెసరగింజంత ముక్క చాలే పరీక్షలు కూడా వచ్చాయి. సగం ఇవ్వాలి, సగం దాచాలి. 1972లో అపోలో 17 వాళ్ళు వ్యాక్యూమ్‌లో సీలు చేసి తెచ్చిన ఒక గొట్టం మట్టిని 2022 దాకా తెరవలేదు. ముందు ముందు మంచి యంత్రాలు వస్తాయని ఆగారు. అలాగని మిగతావి ఎవరికీ ఇవ్వకుండా బీరువాలో పెట్టుకోలేదు.

ఒంగోలు గిత్త:
చంద్రుడి మట్టికీ చీమకుర్తి రాయికీ లింకేంది సామీ

రాళ్ళ మాస్టారు:
వాళ్ళకి లెక్క ఉంది. గ్రాము ఇచ్చినా రాసుకుంటారు. ఇక్కడ ఆ లెక్క ఎవరు రాస్తారు? నువ్వు రాస్తావా?

జిర్కాన్:
రాస్తాం! ఐజీఎస్ఎన్ అని అంతర్జాతీయ నమూనా సంఖ్య ఉంది. ఒక రాయికి ఒకే నంబరు, ఏ దేశం పోయినా అదే. దాన్నుంచి కోసిన ముక్కకి ఇంకో నంబరిచ్చి తల్లి రాయికి కలుపుతారు. మీరేమో ఏసీ అంటే గ్రానైట్ అంటారు, కోత అంటే లెక్క అంటారు. ఇవ్వకూడదని ముందే అనుకుని సాకులు వెతికితే ఎట్టా? మీలాంటి పెద్దవాళ్ళ బీరువాల్లోనే సగం జిల్లా జియాలజీ చచ్చిపోతోంది.

రాళ్ళ మాస్టారు:
నోరు అదుపులో పెట్టుకో అబ్బాయ్. నేనియ్యలేదనుకుంటున్నావా? పెద్ద ఊరి నుంచి ఒకాయన శిష్యుల్ని వెంటేసుకుని వచ్చాడు. ఎండల్లో నా బండి మీద కనిగిరి కొండలన్నీ తిప్పా. రాళ్ళిచ్చా. నోటుబుక్కు జిరాక్సూ ఇచ్చా. పేపరొచ్చింది. “రచయితలు సేకరించిన నమూనాలు” అని ఉంది అందులో. కడుపు మండి మిగిలిన ముక్కలన్నా పంపమంటే, ఆ కుర్రాడు పీహెచ్‌డీ అయి వెళ్ళిపోయాడు, రాళ్ళు ఎక్కడ పెట్టాడో తెలీదన్నారు.

జిర్కాన్:
అది అన్యాయమే. కానీ ఇప్పుడు తెలిసింది. మీ గొడవ తేమ గురించీ కాదు, కోత గురించీ కాదు. పేరు గురించి.

రాళ్ళ మాస్టారు:
అవును, పేరు గురించే. తప్పా?

జిర్కాన్:
తప్పని కాదు. ఐజీఎస్ఎన్ రికార్డులో సేకరించినవారి పేరు రాసే చోటుంది. పేపరు చివర కృతజ్ఞతలు చెప్తారు. రాయి తెచ్చిన ప్రతివారూ రచయితే అంటే, ల్యాబులో ఏడాది కూర్చున్నవాడు ఏమైపోవాలి?

రాళ్ళ మాస్టారు:
రాయి తెచ్చినవాణ్ణి కాదయ్యా, ఏ రాయి తేవాలో తెలిసినవాణ్ణి. ఆ కొండలో డైకు (పగుల్లోకి చొచ్చుకొచ్చి గట్టిపడ్డ రాయి) గ్రానైట్‌ని ఎక్కడ కోసిందో, ఏది ముందు ఏది వెనకో, మోకాళ్ళ మీద కూర్చుని చూసి రాసుకున్నా. ఆ రాత లేకపోతే నీ మెషీను చెప్పే వయసు దేని వయసు? డైకుదా, గ్రానైట్‌దా? దానికి చివర్లో థ్యాంక్సా?

చీమకుర్తి శీను:
మాస్టారు చెప్పేది కరెక్టే అనిపిస్తాంది.

జిర్కాన్:
నోటుబుక్కు లేకపోతే రాయికి విలువ లేదనే నేనూ మొదట్నుంచీ మొత్తుకుంటున్నా. అందుకే రెండూ కలిపి ఇవ్వమంటున్నా.

రాళ్ళ మాస్టారు:
నేను అందుకే ఇవ్వొద్దంటున్నా.

పలకాబలపం:
మీ ఇద్దరి మాటా విన్నాక నోటుబుక్కులే ముందు చూసుకోవాలనిపించింది. ఈ ఆదివారం వాటిని స్కాన్ చేయించి అసలువి నా దగ్గరే ఉంచుకుంటా. గది కోసం అమ్మని ఇంకో నెల ఆగమంటా. జిర్కాన్ గారూ, రాళ్ళు తీసుకునేవాళ్ళు నాన్న పేరు పేపర్లో ఎక్కడ వేస్తారో ముందు కాగితం మీద రాసివ్వాలి. అప్పుడే పెట్టెలు బండెక్కుతాయి.

జిర్కాన్:
రాసిచ్చే అధికారం నాది కాదండీ. మా గైడ్‌ని అడిగి చెప్తా.

రాళ్ళ మాస్టారు:
అడుగు. నాకూ అప్పట్లో అడిగే చెప్తామన్నారు.

సైదాపురం కుర్రోడు:
ఆ స్కాన్లు నెట్లో పెడతారా అక్కా? లొకేషన్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలా.